నడుమ ఉన్న మనిషి

మొదట గిట్టల చప్పుడు. ఒక్క గొర్రె నడిస్తే వినబడదు. రెండు వందలు కలిసి నడిస్తే ఎండిన నేల మీద వడగండ్లు రాలినట్లుంటుంది. ఆ వెనుక ఇత్తడి గంట. ఆ వెనుక ముసలి గొంతు దగ్గు. ఆ పైన గొర్రెలు ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి నేలకు ఒరుగుతున్న మెత్తని సవ్వడి. ఆ తరువాత ఏమీ లేదు.

అంగడి షట్టరు ఇంకా దించే ఉంది. దాని వెనుక వంటింట్లో ఈశ్వరమ్మ పొయ్యి మంట తగ్గించి, చేతిలో గరిటెతో అలాగే నిలబడింది. చూడనక్కరలేకుండానే తెలిసింది: ముందున్నది తిమ్మప్ప మంద, వెనుకది బయమ్మ మంద. చుట్టుపక్కల పల్లెల కాపరులు ఒకరి గడప ముందు మందను పడుకోబెట్టి, మాటా పలుకూ లేకుండా కూర్చున్నారంటే ఆ ఇంటివాళ్లు మాట తప్పారని అర్థం. అరుపులుండవు, తిట్లుండవు. గొర్రెలు పడుకుంటాయి, మనుషులు కూర్చుంటారు, ముదిగుబ్బ బజారు చూస్తుంది. ఇది మూడో రోజు.

“అమ్మా, షట్టరు ఎత్తుదామా?” అని అర్చన అడిగింది. అనంతపురంలో ఒక ఆడిటరు దగ్గర పనిచేసే కూతురు. సెలవు పెట్టి వచ్చి వారమైంది.

“ఎత్తి ఏం చెప్పల్ల వాళ్లకు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి ఊళ్లో లేడు. శెట్టి రాయదుర్గం వెళ్లి పన్నెండు రోజులైంది. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టించే పినతండ్రి కొడుకు షెడ్డులో, గుడ్డ తానుల మధ్య తలదాచుకుంటున్నాడు. ఊరికి ఆయన శెట్టి. కాపరులకు శెట్టి. ఈశ్వరమ్మకు ‘ఆయన’. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె భర్త పేరును నోట పలకలేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా, రేషను కార్డువాళ్లు వచ్చినా, పక్కింటివాళ్లో కూతురో చెప్పేవారు. ఆమె తల వంచుకుని వినేది. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షులో ఒక దినం తరుగుతుందని అత్త చెప్పింది. అత్తకు ఆమె అత్త చెప్పింది. నిజమో అబద్ధమో ఎవరూ పరీక్షించి చూడలేదు. పరీక్షించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

కాపరులు శెట్టిని నమ్మిన తీరు ఒకటుండేది. పొట్టేళ్లు అమ్మిన డబ్బును పాత గుడ్డలో చుట్టి, తమ గొర్రెల నల్ల ఉన్నితో పేనిన దారంతో కట్టి తెచ్చేవారు. ఒక్కో ఇంటికి ఒక్కో ముడి. తిమ్మప్ప ఇంటి ముడి మూడు మడతలది, చింతకాయలా వంకరగా ఉంటుంది. బయమ్మ ముడి చూడడానికి సాదా. విప్పబోతే మాత్రం తెలియని వేళ్లు ఓడిపోతాయి. శెట్టి మూట విప్పేవాడు కాదు, చీటీ రాసేవాడు కాదు. లోపలి గదిలో ఇనుప పెట్టె తెరిచి పెట్టేవాడు. ఆరు నెలలకో ఏడాదికో వాళ్లు వచ్చి అడిగితే అదే మూటను, అదే ముడితో, తిరిగి చేతిలో పెట్టేవాడు. తమ ముడిని తామే విప్పుకుని, తృప్తిగా తలాడించి వెళ్లేవారు. వడ్డీ లేదు, కూలి లేదు. ఉప్పూ పప్పూ మాత్రం ఆ అంగట్లోనే కొనేవారు.

బ్యాంకులో ఖాతాలు లేక కాదు. ఉన్నాయి. కాని జీవితమంతా తుమ్మకొమ్మలు నరికి మందకు మేపిన చేతుల మీద రేఖలు నిలవవు. యంత్రం మీద వేలు పెడితే యంత్రం గుర్తించదు. తుడిచి పెట్టమంటారు, తడిపి పెట్టమంటారు, రేపు రమ్మంటారు. “నా వేలు నాది కాదంటాండాది శెట్టీ ఆ డబ్బా,” అని ఒకసారి బయమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు వెనుక పది మైళ్ల నడక ఉంది. అందుకే ఆమెకు ముడి చాలు. ముడి ఎప్పుడూ ఆమెను కాదనలేదు.

నిరుడు ఉగాది దాటినాక శెట్టి అనంతపురంలో, ఒక కళ్యాణ మండపంలో, ఫోన్లో దాచుకునే కొత్తరకం నాణెం గురించి జరిగిన సభకు వెళ్లివచ్చాడు. వచ్చిన రాత్రి అన్నం ముందు కూర్చుని, కలపడం మరిచి, మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఈ దుడ్లకు బ్యాంకు లేదంట, మేనేజరు లేడంట, ఏ సర్కారూ ముద్ర వెయ్యనక్కరలేదంట. నా చేతిలోంచి నీ చేతికి. నడుమ ఎవడూ లేడు! వేలిముద్ర అడిగేవాడు లేడు, రేపు రా అనేవాడు లేడు. ఎవడి తాళం వాడి దగ్గరే. ఇంగొకడు తెరవల్లంటే తెరవల్యాడు.” అక్కడ ఆగి, కళ్లు పెద్దవి చేసి అన్నాడు: “అర్థమైందా? మన కురుబోళ్ల ముడి! అచ్చం అదే. దేశదేశాలోళ్లు ఇప్పుడు కనుక్కున్నారు, బయమ్మ ఎప్పుడో కనుక్కునింది.”

ఈశ్వరమ్మకు ఆ రాత్రి ఆయన ముఖం నచ్చింది. పెళ్లినాటి ముఖంలా ఉంది. అది డబ్బు మీది ఆశ కాదనీ, ఆయనకు మొదటిసారి ప్రపంచం అర్థమైన సంతోషమనీ ఆమెకు తోచింది.

ఆయన పోలిక తప్పు కాదు. తప్పు ఆ తరువాత జరిగింది. కాపరుల దగ్గర అలాంటి ఫోన్లు లేవు. కాబట్టి వాళ్ల మూటలన్నీ తెరిచి, అంతా కలిపి, ఆ నాణేలుగా మార్చి, తన ఫోన్లో తన తాళం కింద పెట్టాడు. ఎవరి ముడి వారిదే అని మురిసిన మనిషి నలభై ఇళ్ల ముడులను ఒక్క ముడి చేశాడు. అది తన చేతిలో ఉంది గనుక తప్పనిపించలేదు. తన చేతిని ఆయన ఎప్పుడూ అనుమానించలేదు, ఊరూ అనుమానించలేదు.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, మూటలన్నీ చాప మీద పోశాడు. వేళ్లతో పెనుగులాడాడు. ఒక్క ముడీ రాలేదు.

“నువ్వు కొయ్యి,” అన్నాడు అడకత్తెర అందిస్తూ. “నాకు చేతులాడల్యా.”

“వాళ్లకు చెప్పినారా?”

“చెప్తే అర్థమైతుందా? రెండింతలు చేసి చేతిలో పెట్టినాక చెప్తా. అప్పుడు చూడు తిమ్మప్ప ముఖం!”

ఈశ్వరమ్మ కోసింది. వక్కలు కత్తిరించే అడకత్తెరకు ఉన్ని దారం తేలిగ్గా లొంగింది. ముడి విప్పకుండా దారం తెగినప్పుడు చప్పుడు కూడా రాలేదు. మూడు మడతల ముడి చేతికి వచ్చినప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆయన చూశాడు. ఆమె దాన్నీ కోసింది.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. ఆ నాణేన్ని ఆయన ఎవరికీ ఇచ్చింది లేదు, దానితో ఏదీ కొన్నది లేదు. ఉప్పు బస్తా కొనాలన్నా రూపాయలే ఇవ్వాలి. ముదిగుబ్బలో దాన్ని పుచ్చుకునేవాడెవడు? రోజుకు నూరు సార్లు ఫోను తీసి రేటు చూసుకోవడమే దానితో ఆయనకున్న పని. ఎక్కితే కాఫీ తాగేవాడు, దిగితే మాట్లాడేవాడు కాదు. ఆ తరువాత ఫోన్లోనే ఒక గుంపు పరిచయమైంది. నాణేలు ఊరికే పడి ఉండనీకు, మాకు పంపు, నెలనెలా పెంచి ఇస్తామన్నారు. రెండు నెలలు ఇచ్చారు కూడా. మూడో నెలలో ఉన్నదంతా పంపాడు. ఆ వారమే గుంపు మాయమైంది. ఫోన్లో ఆ పేరున్న చోట ఖాళీ మిగిలింది.

అంతా తెలిసిన రాత్రి అర్చన తల్లికి వివరించింది. “దాన్ని పుట్టించినాయన ఎవురో ఈ పొద్దుకూ తెలీదమ్మా. బ్యాంకులు జనాన్ని ముంచిన కాలంలో తొమ్మిది పేజీల కాయితం రాసినాడు. మనుషుల్ని నమ్మే అవసరం లేకుండా మనుషులు దుడ్లు ఇచ్చిపుచ్చుకోవచ్చని. రాసి, పేరు చెప్పకుండా పోయినాడు.”

“ఆ రాసినాయన అనుకున్నట్ల జరిగిందా మరి?”

“యాడో కొందరికి జరిగిందంట. సొంత దేశంలో దుడ్లు కాయితాలైపోయినోళ్లు, ఖాతాలు మూసేస్తే దిక్కులేనోళ్లు, దాంతోనే పిల్లోళ్లకు ఇంత తిండి పెట్టుకున్నారంట. అబద్ధం కాదు. కానీ మిగతా జనం దాన్ని ఇచ్చిపుచ్చుకోల్యా. కొని, రేటు చూసుకుంటా కూచున్నారు. నాయన మాదిరే.”

ఇప్పుడు వాకిట్లో గొర్రెలు పడుకుని ఉన్నాయి. ఈశ్వరమ్మ చివరికి షట్టరు తానే ఎత్తింది. ఎండ మొహాన కొట్టింది. బయమ్మ గొంగడి మీద కూర్చుని, ఒక గొర్రెపిల్ల డెక్కలోంచి ముల్లు తీస్తోంది. పిల్ల ఎముకలు లెక్కపెట్టవచ్చు. రెండేళ్లుగా వానలు మొహం చాటేశాయి; వేరుశనగ పంట మొలకలోనే మాడింది; మందకు మేతగా వేసే ఎండు శనగకట్టె కొనాలంటే డబ్బు కావాలి.

“రా శెట్టెమ్మా,” అంది బయమ్మ తలెత్తకుండా. “మూడు దినాలకు మొహం చూపిచ్చినావు. మీ గేదె ఈనిందేమో, పాపం, తీరలేదేమో అనుకున్యా.”

“గేదె యాడిది బయమ్మా మాకు.”

“అదే అంటాండా. గేదె గూడా లేదు, మరి లోపల ఏం చేస్తాండావని.”

పక్కన తిమ్మప్ప కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. “నోరు మూసుకో మే,” అన్నాడు బయమ్మతో. తరువాత ఈశ్వరమ్మ వైపు తిరిగాడు. “తల్లీ, శుక్రవారం బెంగుళూరు లారీ వస్తాండాది. మేతకు దుడ్లు ల్యాకపోతే మంద మొత్తం కోతకు ఎక్కియ్యల్ల. మా నాయన కాలం మంద. ఇంగో మాట లేదు. శెట్టి ఒక్క మాట చెప్తే మేం లేసి పోతాం.”

“పోయినాయి తిమ్మప్పా,” అంది ఈశ్వరమ్మ. “నడుమ ఎవురూ ఉండరని చెప్పినారు. ఆయన నమ్మినాడు. ఆయన దుడ్లూ పోయినాయి.”

బయమ్మ ముల్లు తీసి అవతల పారేసింది. అప్పుడు తలెత్తింది. “నడుమ ఎవురూ లేరా? ఏం శెట్టెమ్మా అట్లంటావు! శెట్టి ఉన్నాడు గదా నడుమ. మేం ఇచ్చింది శెట్టికి. ఆ ఫోనుకు కాదు, ఆ దేశాలోళ్లకు కాదు.”

ఈశ్వరమ్మ లోపలికి నడిచింది, షట్టరు మాత్రం మళ్లీ దించలేదు.

మధ్యాహ్నం కాపరులు పోలీసు స్టేషనుకు వెళ్లారు. గంట తరువాత ఈశ్వరమ్మకు పిలుపు వచ్చింది. అర్చనను వెంటబెట్టుకుని బయలుదేరుతుండగా రాయదుర్గం నుంచి ఫోను. ఆయన వెనుక కుట్టుమిషన్ల హోరు.

“ఏమీ చెప్పద్దు. నాకేమీ తెలీదను. వాళ్ల దగ్గర కాయితం లేదు, చీటీ లేదు. చూసిన మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు నోరు తెరవకపోతే ఎవురో గుర్తు తెలీనోళ్లని రాసుకుని మూసేస్తారు. అంగడి మిగుల్తుంది, ఇల్లు మిగుల్తుంది. వింటాండావా?”

“వింటాండా.”

“నేను దొంగను కాదు.”

“కాదండీ,” అంది ఆమె. అది నిజం. ఫోను పెట్టేసినా అది నిజంగానే ఉంది, అయినా నడవడానికి ఏమాత్రం సాయపడలేదు.

ఎస్సై వేణుగోపాల్ చిన్న వయసువాడు. కాపరులను బెంచీ మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. బల్ల మీద పొడుగాటి కాగితాలు పరిచి ఉన్నాయి.

“చూడండమ్మా,” అన్నాడు. “ఈ నాణెం కథంతా బహిరంగమే. ఎప్పుడు కదిలింది, ఎంత కదిలింది, ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది, లోకంలో ఎవరైనా చూడొచ్చు. ఇదిగో, ప్రతి అడుగూ ఉంది. ఒక్కటే లేదు. మనిషి.”

ఈశ్వరమ్మ వంగి చూసింది. అక్షరాలూ అంకెలూ కలగలిసి, అర్థం లేని వరుసలు. ఒకదాని నుంచి ఇంకొకదానికి, దాని నుంచి వేరొకదానికి. ఆ వరుసల్లో ఎక్కడో తిమ్మప్ప పొట్టేళ్లున్నాయి. బయమ్మ పది మైళ్ల నడక ఉంది. అంతా కనబడుతూనే ఉంది. పట్టుకోవడానికి ఒక చొక్కా లేదు.

“మీరు ఎవరికిచ్చారు?” అని ఎస్సై తిమ్మప్పను అడిగాడు.

“శెట్టికి సార్.”

“ఏ శెట్టి? ఈ బజారులో నలభైమంది ఉన్నారు.”

“మా శెట్టి సార్. వాసవి అంగడి శెట్టి.”

“ఆయన పేరు?”

తిమ్మప్ప బయమ్మ వైపు చూశాడు. బయమ్మ మజ్జిగ గ్లాసులోకి చూసింది. బెంచీ మీది ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ముప్పై ఏళ్లుగా డబ్బిస్తూ ఆయన పేరు తెలియదా?” ఎస్సై కలం కింద పెట్టాడు.

“పేరెందుకు సార్?” అన్నాడు తిమ్మప్ప, తప్పు చేసినవాడిలా కాక, నిజంగా ఆశ్చర్యపోయి. “మనిషి తెలుసు గదా.”

ఎస్సై ఈశ్వరమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. “బోర్డు చూసో లైసెన్సు చూసో పేరు నేను రాసుకోగలను. అది కాదు కావలసింది. వీళ్ల దగ్గర ఆయనే తీసుకున్నాడని చూసిన మనిషి చెప్పాలి. చెబితే ఆయన మీద కేసు అవుతుంది. ఇల్లూ అంగడీ జప్తు కావచ్చు. కోర్టు తేల్చినప్పుడు వీళ్లకు కొంతయినా దక్కవచ్చు. చెప్పకపోతే ఈ కాగితాలే మిగులుతాయి. చెప్పమని బలవంతం లేదమ్మా. మీరు ఆయన భార్య.”

కానిస్టేబుల్ సుజాత ఫోన్ను చిన్న స్టాండుకు తగిలించి ఆమె ఎదురుగా పెట్టింది. ఎర్రటి చుక్క వెలిగింది.

“ఇది గూడా ఫోనేనా,” అని గొణిగింది బయమ్మ.

ఈశ్వరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మూటల సంగతి చెప్పింది. ఉన్ని ముడుల సంగతి చెప్పింది. ఎవరి మూట ఎప్పుడు వచ్చిందో, పెట్టెలో ఏ అరలో ఉండేదో చెప్పింది. “ముడులు కోసింది నేను,” అంది. బెంచీ మీద ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆమె అటు చూడలేదు.

“కొయ్యమన్నది ఎవరు?”

“మా ఇంటాయన.”

“పేరు చెప్పాలమ్మా.”

ఆమె పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. అర్చన గుమ్మం దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఎస్సై చెయ్యి ఎత్తి ఆపాడు. “నువ్వు అక్కడ లేవు తల్లీ. నువ్వు చెబితే చెల్లదు.”

“రాసి ఇయ్యచ్చా సార్?” అని అర్చన అడిగింది.

“రికార్డవుతోంది. నోటితోనే రావాలి.”

బయమ్మ లేచి వచ్చింది. గొర్రె వాసన, ఎండ వాసన ఆమెతోపాటు వచ్చాయి. ఈశ్వరమ్మ పక్కన గొంతుకూర్చుని, ఎస్సై వినేంత గట్టిగానే, రహస్యం చెబుతున్నట్లు అంది: “అక్కా, నా చెవులో చెప్పు. నేను చెప్తా ఆ ఫోనుకు. మీ ఇండ్లలో పలకగూడదని నాకు తెలుసు. మొగుని పేరు, అది ఊరికే పోతుందా.”

ముప్పై ఏళ్లలో బయమ్మ ఆమెను అక్కా అనడం అదే మొదలు. తన డబ్బు పోగొట్టిన ఇంటి ఆడమనిషి నోరు మైలపడకుండా కాయడానికి మూడు దినాలుగా ఎండలో కూర్చున్న మనిషి వచ్చి కూర్చుంది. ఆ నాణేన్ని పుట్టించినవాడు పేరు చెప్పకుండా పోయాడు. దోచుకున్నవాళ్లు పేరు లేకుండా దోచుకున్నారు. కాగితాల నిండా అంకెలే, పేర్లు లేవు. ఇక తన నోరు కూడా మూసుకుంటే, ఈ లోకంలో బయమ్మ డబ్బు ఎవరికీ ఇవ్వలేదనే అవుతుంది. ఇచ్చింది. ఒక మనిషికి ఇచ్చింది. ఆయన మంచివాడు. తన భర్త. రాయదుర్గంలో తానుల మధ్య నిద్ర పట్టక దొర్లుతున్నాడు.

“వద్దు బయమ్మా,” అంది. “నువ్వు చూడల్యా. నేను చూసినా.”

కొంగు భుజం నిండా కప్పుకుంది. ఎర్ర చుక్క వైపు చూడలేదు. ఆ వెనుక ఉన్న ఎస్సైనీ చూడలేదు. తిమ్మప్పను చూసింది. తెలియవలసింది ఆయనకే. ఆయన ఆయుష్షులో ఒక దినం తరిగితే ఆ భారం తన మీదే వేసుకుంటున్నట్లు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఏ అక్షరమూ మింగకుండా, గది చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా పలికింది.

“శేషయ్య.”